జబ్బు చిరునామా కణమని చెప్పిన విర్కో

నర్సింగ్‌ మొదటి ఏడాది విద్యార్థులకు క్లాసు చెప్పటానికి వెళ్లిన ప్రతిసారీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. సూది వెయ్యటం, కట్టు కట్టటం, గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కటం నేర్చుకుందామని వస్తే ఈ కణాలూ, కణపొరలూ, మైటోకాండ్రియాలూ ఎందుకన్నది వాళ్ల సందేహం. అడిగేది ఒక్కరే. వెనక బెంచీల్లో తలలన్నీ ఊగుతాయి. దానికి సూటిగా జవాబు చెప్పటం నేను ఎప్పుడో మానేశాను. బదులుగా ఒక జర్మన్‌ డాక్టరు జీవితం చెబుతాను. అందులో కణం ఉంది, నెత్తురుగడ్డ ఉంది, నర్సుల శిక్షణ ఉంది. చివర్లో మన ఇళ్లలో పెద్దవాళ్లకు తరచూ జరిగే ఒక ప్రమాదం కూడా ఉంది.

ఆయన పేరు రుడాల్ఫ్‌ విర్కో. మా రోజుల్లో కాలేజీలో అందరం విర్చో అనే పలికేవాళ్లం. జర్మన్ల నోట అది ఫిర్ఖో. ఎలా పలికినా, ఎంబీబీఎస్‌లో పాథాలజీ పుస్తకం తెరిచాక ఆయన్ని తప్పించుకోవటం కష్టం.

బాండు రాసి చదివిన డాక్టరు

విర్కో 1821 అక్టోబరు 13న ప్రష్యా రాజ్యంలోని షీవెల్‌బైన్‌ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రికి కొద్దిపాటి వ్యవసాయం, దాంతోపాటు ఊరి పురపాలకలో ఖజానా చూసే ఉద్యోగం. విర్కో ఒక్కడే సంతానం. మొదట చర్చిలో పాస్టర్‌ కావాలనుకున్నారు. ప్రసంగాలకు తన గొంతు చాలదనిపించి వైద్యం వైపు మళ్లారు. డబ్బు పెట్టి చదివించే స్తోమత ఇంట్లో లేదు. అప్పట్లో బెర్లిన్‌లో సైన్యానికి డాక్టర్లను తయారుచేసే సంస్థ ఒకటుండేది. చదువు ఉచితం, బదులుగా సైన్యంలో పనిచెయ్యాలి. బాండు రాసిచ్చి చదువుకున్న మన ప్రభుత్వ డాక్టర్లకు ఈ లెక్క కొత్తేం కాదు. 1839లో అందులో చేరి, 1843లో డాక్టరై, బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో పనికి కుదిరారు.

అక్కడ ఆయనకు దొరికినవి రెండు: శవపరీక్షల గది, మైక్రోస్కోపు. పొద్దున శరీరాన్ని కోసి చూడటం, మధ్యాహ్నం అందులోంచి తీసిన చిన్న ముక్కను కటకం కింద పెట్టి చూడటం. అప్పటి ఐరోపాలో జబ్బులకు కారణం ఒంట్లోని ద్రవాలు అదుపు తప్పటమేనన్న నమ్మకం ఇంకా బలంగా ఉండేది. మన దగ్గర త్రిదోషాల్లాగా అక్కడ రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు ద్రవాల లెక్క. వియన్నాలో వేల శవపరీక్షలు చేసిన మహా పండితుడు రొకిటాన్‌స్కీ కూడా చివరికి నెత్తురు పాకంలోనే తేడా ఉందని తేల్చేవారు. పాతికేళ్లు దాటీ దాటని విర్కో ఆ వాదాన్ని అచ్చులోనే ఉతికి ఆరేశారు. విచిత్రమేమంటే, రొకిటాన్‌స్కీ తన పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేసినప్పుడు ఆ భాగాన్ని తీసేశారు. తప్పు ఒప్పుకోవటంలో పెద్దరికం ఎంతుంటుందో నాకు ఆ సంగతి చదివినప్పుడు తెలిసింది.

1845లో ఒక వంటమనిషి చనిపోతే విర్కో శవపరీక్ష చేశారు. ఆమె రక్తనాళాల్లో ఉన్నది చూడటానికి చీములా ఉంది. ఇంకెవరైనా అయితే ఒళ్లంతా చీము పట్టిందని రాసి మూసేసేవాళ్లు. ఆయన దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టారు. అది చీము కాదు, నెత్తురే. అందులో తెల్లకణాలు లెక్కకు మించి పెరిగిపోయి, ఎర్రకణాలు తగ్గిపోయాయి. స్కాట్లండ్‌లో బెనెట్‌ అనే డాక్టరు కూడా అదే ఏడాది ఇలాంటి రోగి గురించి రాశారు. దానికి 1847లో లుకేమియా అని పేరు పెట్టింది మాత్రం విర్కో. ఇవాళ రక్తక్యాన్సర్‌ అని మనం భయపడే ఆ జబ్బుకు అది మొదటి గుర్తింపు.

కాలిలో పుట్టి ఊపిరితిత్తికి చేరే గడ్డ

ఆ రోజుల్లోనే ఆయనకు పెద్దలు అప్పగించిన పని ఇంకొకటుంది. ఫ్రాన్స్‌లో క్రూవెలియే అనే పేరుమోసిన డాక్టరు దాదాపు ప్రతి జబ్బుకూ మూలం సిరల వాపేనని వాదిస్తున్నారు. అందులో నిజమెంతో తేల్చాలి. విర్కో శవపరీక్షల్లో ఒక సంగతి గమనించారు. ఉన్నట్టుండి ఆయాసంతో చనిపోయిన కొందరి ఊపిరితిత్తుల ధమనిలో గట్టి నెత్తురుగడ్డ ఉంటోంది. దాని చివర విరిగిన ముక్కలా మొరటుగా ఉంటోంది. అదే మనిషి కాలి సిరలో చూస్తే మరో గడ్డ, దాని కొన కూడా అలాగే విరిగి ఉంటోంది. రెండూ అతికినట్టు సరిపోతున్నాయి. అంటే ఊపిరితిత్తిలోని గడ్డ అక్కడ పుట్టలేదు, కాలిలో పుట్టి నెత్తురుతో పాటు కొట్టుకొచ్చింది. కుక్కల మెడ సిరలోకి రబ్బరు ముక్కల్లాంటివి పంపి చూస్తే, అవి తిన్నగా ఊపిరితిత్తుల ధమనిలో తేలాయి. నాళంలోనే గడ్డ కట్టటానికి థ్రాంబోసిస్‌ అనీ, గడ్డ ఊడిపోయి మరోచోట అడ్డుపడటానికి ఎంబోలిజం అనీ పేర్లు పెట్టింది ఆయనే.

నెత్తురు ప్రవాహం మందగించటం, నాళం గోడ దెబ్బతినటం, నెత్తురుకే గడ్డకట్టే గుణం పెరగటం. గడ్డ పుట్టటానికి ఈ మూడూ కారణాలని వైద్య విద్యార్థులు బట్టీ పట్టే సూత్రానికి విర్కో పేరే ఉంది. నిజానికి ఆ పేరు ఆయన పోయిన చాలా ఏళ్లకు ఇతరులు తగిలించింది.

ఇక్కడ కథ ఆపి క్లాసులో నేను మా ప్రసూతి వార్డు సంగతి చెబుతాను. సిజేరియన్‌ అయిన తొమ్మిదో రోజున ఒక బాలింతకు కాలు వాచింది. బాలింత నీరే, తగ్గిపోతుందిలే అని ఇంటివాళ్లు వేడి ఆముదం సిద్ధం చేసుకుని కూర్చున్నారు, పిక్క పట్టి మర్దన చేద్దామని. రెండో ఏడాది నర్సింగ్‌ అమ్మాయి ఒకతె బీపీ చూడటానికి వెళ్లి, వాపు ఒక్క కాలికే ఉందని గమనించింది. టేపు తెచ్చి రెండు పిక్కలూ కొలిచింది. నాలుగు సెంటీమీటర్ల తేడా. మర్దన ఆపించి డ్యూటీ డాక్టరును పిలుచుకొచ్చింది. డాప్లర్‌ స్కాన్‌లో తొడ దాకా గడ్డ. మందులతో కరిగి, మూడు నెలల్లో మామూలు మనిషయింది. అంతకు ముందు ఏడాది అలాంటి కాలితోనే ఇంకొకామె వచ్చింది. అప్పటికే ఇంట్లో మర్దన అయిపోయింది, ఊపిరి అందట్లేదు. ఆమెను మేం దక్కించుకోలేకపోయాం.

రెండు పాదాలూ సమానంగా వాచటం వేరు, ఒక్క కాలు వాచి, పిక్కలో నొప్పి, వేడి, ఎరుపు కనిపించటం వేరు. కాన్పయ్యాక, ఆపరేషన్‌ అయ్యాక, కాలికి సిమెంటు కట్టు వేశాక, చాలా రోజులు మంచం మీదున్నాక, గంటల కొద్దీ కదలకుండా ప్రయాణం చేశాక ఇలా కనిపిస్తే ఆ కాలిని రుద్దకూడదు, మర్దన చెయ్యకూడదు, ఆ రోజే స్కాన్‌ తీయించాలి. దానికి ఆయాసం, ఛాతీలో పోటు, కళ్లు తిరగటం తోడైతే స్కాన్‌ సెంటర్‌కు కాదు, అత్యవసర విభాగానికే వెళ్లాలి. బాలింతను నెల రోజులు మంచం దిగనివ్వని ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. విర్కో చెప్పిన మొదటి కారణం, ప్రవాహం మందగించటం, అక్కడే మొదలవుతుంది.

మందు బదులు రోడ్లు రాసిచ్చిన నివేదిక

1848 ఆరంభంలో ప్రష్యా పాలనలోని ఎగువ సైలీషియాలో టైఫస్‌ చెలరేగింది. టైఫాయిడ్‌ కాదు, పేలతో వ్యాపించే జ్వరం. పేద పోలిష్‌ రైతు కూలీలు ఉండే ప్రాంతమది. పత్రికల్లో గోల ఎక్కువై ప్రభుత్వం పరిశీలనకు డాక్టర్లను పంపింది. అందులో 26 ఏళ్ల విర్కో ఒకరు. మూడు వారాలకు దగ్గరగా అక్కడ తిరిగి ఆయన ఇచ్చిన నివేదిక ప్రభుత్వానికి మింగుడుపడలేదు. మందుల జాబితా రాస్తారనుకుంటే చదువు, రోడ్లు, వ్యవసాయం బాగుపడటం, న్యాయమైన పన్నులు, జనానికి వాళ్ల సొంత భాషలో పాలన, స్వేచ్ఛ కావాలని రాశారు. ఆకలీ ఇరుకిళ్లూ అలాగే ఉంటే జ్వరం మళ్లీ వస్తుందన్నది ఆయన లెక్క. మా జిల్లాలో ఏటా వానాకాలం జ్వరాల వార్డు నిండినప్పుడు ఆ నివేదిక గుర్తొస్తుంటుంది. సెలైన్‌ సీసాలకు ఇండెంట్‌ పెట్టటం తేలిక. మురుగుకాల్వకు పెట్టటమే కష్టం.

సైలీషియా నుంచి తిరిగొచ్చిన కొద్ది రోజులకే బెర్లిన్‌లో రాజు మీద జనం తిరగబడ్డారు. వీధుల్లో అడ్డుగోడలు కట్టినవాళ్లలో విర్కో కూడా ఉన్నారు. వైద్య సంస్కరణల కోసం ఒక వారపత్రికా నడిపారు. తిరుగుబాటు చల్లారాక ఉద్యోగానికి ఎసరొచ్చింది. 1849లో బెర్లిన్‌ వదిలి, దక్షిణాన వుర్జ్‌బర్గ్‌ విశ్వవిద్యాలయానికి ప్రొఫెసర్‌గా వెళ్లారు. మరుసటేడు రోజ్‌ మేయర్‌తో పెళ్లయింది. వాళ్లకు ఆరుగురు పిల్లలు. వుర్జ్‌బర్గ్‌లో రాజకీయాల గొడవ లేని ఆ ఏడేళ్లూ ఆయన బుర్రకు మంచే చేశాయి. కణం గురించిన ఆలోచనంతా అక్కడే ఒక కొలిక్కి వచ్చింది.

కణం నుంచే కణం

1838, 39 సంవత్సరాల్లో ష్లైడెన్‌, ష్వాన్‌ అనే ఇద్దరు జర్మన్లు మొక్కలూ జంతువులూ కణాలతోనే కట్టి ఉన్నాయని చెప్పారు. అయితే కొత్త కణం ఎలా పుడుతుందంటే మాత్రం, పంచదార పాకంలో పలుకులు కట్టినట్టు, ఒక ద్రవంలోంచి దానంతటదే పేరుకుంటుందని ష్వాన్‌ అనుకున్నారు. కాదు, ఉన్న కణం రెండుగా చీలితేనే కొత్త కణం వస్తుందని రాబర్ట్‌ రిమాక్‌ అనే శాస్త్రవేత్త 1852లోనే చూపించారు. విర్కో ఆ మాటను అందుకుని, జబ్బుపడిన శరీరానికి కూడా అదే సూత్రమన్నారు. క్యాన్సర్‌ కణితి ఎక్కడి నుంచో ఊడిపడదు, మన కణం లోంచే పుడుతుంది. గాయం మానేదీ పక్కనున్న కణాలు చీలి పెరగటం వల్లే. 1856లో బెర్లిన్‌ ఆయన్ని తిరిగి పిలిచి, ఆయన కోసం కొత్త పాథాలజీ సంస్థ కట్టింది. అక్కడ 1858 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్‌ వరకు వైద్యం చేస్తున్న డాక్టర్ల ముందు 20 ఉపన్యాసాలిచ్చారు. అవే అదే ఏడాది పుస్తకమయ్యాయి. జబ్బు మనిషంతటికీ పట్టేది కాదు, ముందు కొన్ని కణాలకు పట్టేదన్నది వాటి సారం. శరీరాన్ని ఆయన ఒక దేశంతో పోల్చేవారు, కణాలు అందులో పౌరులు. రాజకీయాలు ఒంట్లోంచి పూర్తిగా పోలేదన్నమాట.

రిమాక్‌కు దక్కాల్సిన పేరు మాత్రం విర్కో ఇవ్వలేదు. యూదుడైనందుకు రిమాక్‌కు పూర్తి ప్రొఫెసర్‌ పదవే రాలేదు, పైగా ఇదొకటి. పౌరులందరూ సమానమని ఎలుగెత్తిన మనిషి జీవితంలో ఇది మచ్చే.

దెబ్బతిన్న కణం ముందు ఉబ్బి, మసకబారుతుందని విర్కో మైక్రోస్కోపులో చూసి రాశారు. ఎందుకు ఉబ్బుతుందో తర్వాతి తరాలు కనిపెట్టాయి. కణపొరలో చిన్న చిన్న పంపులు ఉంటాయి. అవి సోడియంను ఎప్పటికప్పుడు బయటకు తోడుతుంటాయి. ఆ పంపులకు కావాల్సిన శక్తిని మైటోకాండ్రియాలు ఆక్సిజన్‌ వాడుకుని తయారుచేస్తాయి. నెత్తురు ఆగితే ఆక్సిజన్‌ ఆగుతుంది, శక్తి ఆగుతుంది, పంపు ఆగుతుంది. వానాకాలంలో కరెంటు పోయి మోటారు ఆగితే అపార్టుమెంటు సెల్లారులోకి నీళ్లు చేరినట్టు, సోడియం వెంట నీరు కణంలోకి చేరుతుంది. కాసేపట్లో కరెంటు వస్తే నీళ్లు తోడేసుకోవచ్చు, కణం కోలుకుంటుంది. ఆలస్యమైతే పొర చిరుగుతుంది. ఇక ఆ కణం రాదు.

ఈ కాసేపు అన్నది ఎంతసేపన్నదే ప్రథమ చికిత్స మొత్తానికీ మూలం. గుండె ఆగిన పది సెకన్లకల్లా స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాల్లో మెదడు కణాలు దెబ్బతినటం మొదలవుతుంది. గుండెపోటులో నాళం మూసుకుపోతే, 20 నుంచి 40 నిమిషాల తర్వాత గుండె కండరం చనిపోవటం మొదలై గంటల తరబడి సాగుతుంది. కాలూ చేతుల కండరాలు నాలుగు నుంచి ఆరు గంటల దాకా ఓర్చుకుంటాయి. అందుకే కుప్పకూలిన మనిషి పిలిస్తే పలక్కుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే, 108కు ఫోన్‌ చేయించి అంబులెన్స్‌ కోసం చూస్తూ కూర్చోకూడదు. ఛాతీ నడుమ అరచేతి మడమ పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం రెండంగుళాలు దిగేలా నొక్కి వదలాలి. నొక్కేవాడి చేతులే ఆ కాసేపూ గుండె. మొహానికి నీళ్లు చల్లటం, ఉల్లిపాయ వాసన చూపించటం, నోట్లో నీళ్లు పొయ్యటం లాంటి వాటితో పోయేది ఆ నాలుగైదు నిమిషాలే. నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి కూడా.

పక్షవాతంలోనూ అంతే. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దయినా, లక్షణం మొదలైన సమయం కాగితం మీద రాసుకుని, సీటీ స్కాన్‌ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. పొద్దుటి వరకూ చూద్దామనుకుంటే ఆ గడువు నిద్రలోనే దాటిపోతుంది.

కణం తెలిస్తే కొన్ని పనులు ఎందుకు చెయ్యకూడదో ఎవరూ చెప్పక్కర్లేదు. మెషీన్లో పడి వేలు తెగిపోయిందనుకోండి. చల్లదనంలో కణం ఆకలి తగ్గుతుంది, కాబట్టి వేలిని చల్లగా ఉంచాలి. కానీ ఐసు మీద నేరుగా పెడితే కణంలోని నీరు గడ్డకట్టి పొర చిరుగుతుంది. అందుకని తెగిన వేలిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్‌ సంచిలో మూతికట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టి తీసుకురావాలి. వేలిని ఐసుముక్కల మధ్య పాతిపెట్టి తెచ్చినవాళ్లను చాలామందిని చూశాను. కాలిన చోటా అంతే. మంట ఆరినా వేడి లోపలి కణాల్లోకి దిగుతూనే ఉంటుంది, అందుకే కుళాయి కింద 20 నిమిషాలు. టూత్‌పేస్టు ఆ వేడిని లోపలే ఉంచుతుంది.

నర్సులూ, ఆసుపత్రి రైలూ

1859లో విర్కో బెర్లిన్‌ నగర పాలక మండలికి ఎన్నికయ్యారు. చనిపోయేదాకా అందులోనే ఉన్నారు. ప్రష్యా చట్టసభలో ఆయన నిలదీతలకు విసిగి 1865లో ప్రధాని బిస్మార్క్‌ ద్వంద్వయుద్ధానికి సవాలు విసిరారు. విర్కో ఒప్పుకోలేదు, ఇలాంటి పద్ధతిలో వాదన తేలదని తోసిపుచ్చారు. ఈయన పట్టు నగరానికి మేలే చేసింది. మురుగు వీధి కాల్వల్లో పారే బెర్లిన్‌కు ఇంజినీరు హోబ్రెక్ట్‌ గీసిన భూగర్భ మురుగు వ్యవస్థ రావటానికి వెనకుండి నెట్టింది విర్కోనే. మాంసం తనిఖీ తప్పనిసరి చెయ్యాలని పోరాడిందీ ఆయనే. పందిమాంసంలోని ట్రైకినెల్లా పురుగు మనిషికి ఎలా అంటుతుందో ఆయన పరిశోధించి ఉన్నారు.

మా నర్సింగ్‌ విద్యార్థులు చెవులు రిక్కించేది ఈ తర్వాతి భాగానికే. అప్పటి జర్మనీలో రోగుల సేవ చాలావరకు చర్చి సంఘాల చేతిలో ఉండేది. దయతో చేసే సేవ సరే, దానికి చదువూ శిక్షణా ఉండాలి, అది మతంతో పనిలేని వృత్తిగా, జీతం ఇచ్చే ఉద్యోగంగా మారాలని విర్కో 1869లో బెర్లిన్‌లో జరిగిన మహిళా సంఘాల సమావేశంలో వాదించారు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చింది. గాయపడ్డ సైనికులను బండ్ల మీద కుదేసి తెచ్చే రోజులవి. విర్కో ఆసుపత్రి రైలు సిద్ధం చేయించి, దాని వెంట తానే యుద్ధభూమి దగ్గరకు వెళ్లారు. ఆ తర్వాత 1874లో బెర్లిన్‌లో నగరపాలక సంస్థ మొదటి ఆసుపత్రి ఫ్రెడ్రిక్స్‌హైన్‌లో తెరుచుకుంది. దానికి అనుబంధంగా నర్సుల బడి పెట్టించటంలో ఆయన చెయ్యి ఉంది.

ఇంకా ఎన్నో చేశారు. ట్రాయ్‌ నగరం తవ్వుతున్న ష్లీమన్‌ పిలిస్తే 1879లో అక్కడికి వెళ్లి, తవ్వకాలు చూస్తూనే చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు వైద్యం చేశారు. జర్మన్‌ బడి పిల్లలు 67 లక్షల మంది జుట్టు, కళ్ల రంగులు లెక్క తీయించి, శుద్ధమైన జర్మన్‌ జాతి అనేదేదీ లేదని చూపించారు.

పొరపాట్లు

అంత మైక్రోస్కోపు చూసిన మనిషి క్రిముల విషయంలో మాత్రం మొండికేశారు. వియన్నాలో సెమ్మెల్‌వైస్‌ అనే డాక్టరు శవపరీక్ష గది నుంచి కాన్పుల గదికి వెళ్లే డాక్టర్లే బాలింత జ్వరాన్ని మోసుకెళ్తున్నారని, సున్నపు క్లోరిన్‌ నీళ్లతో చేతులు కడిగితే చావులు తగ్గుతున్నాయని 1847లోనే చూపించారు. విర్కో దాన్ని ఒప్పుకోలేదు. జబ్బు కణం లోపల పుడుతుందని నమ్మిన మనిషికి, బయటి నుంచి చేతికంటుకుని వచ్చే కారణం ఒకటుందంటే మనసొప్పలేదు. ఆయన మాటకున్న బరువు వల్ల జర్మన్‌ డాక్టర్లు చాలాకాలం చేతులు కడుక్కోవటం గురించి పట్టించుకోలేదు. 1882లో కోచ్‌ క్షయ క్రిమిని చూపించినా విర్కో సందేహాలు తొందరగా పోలేదు. గొప్ప పేరున్న డాక్టరు పొరబడితే ఆ నష్టం మామూలు డాక్టరు తప్పు కంటే ఎన్నో రెట్లు. మా వార్డులో చేతులు కడగని ప్రొఫెసరుకు గుర్తుచేసే ధైర్యం నర్సుకు ఉండాలని నేను ఈ చోటే చెబుతాను.

1887లో జర్మనీ యువరాజు ఫ్రెడ్రిక్‌ గొంతు బొంగురుపోయింది. ఇంగ్లండ్‌ నుంచి వచ్చిన మెకెంజీ అనే నిపుణుడు స్వరపేటిక నుంచి చిన్న ముక్క తీసి పంపితే, విర్కో అందులో క్యాన్సర్‌ లేదన్నారు. ఆయన చెప్పింది ఆ ముక్క గురించే, అది నిజమే. మిగతావాళ్లు దాన్ని గొంతంతటికీ అన్వయించారు. ఆపరేషన్‌ ఆగిపోయింది. చక్రవర్తి అయిన 99 రోజులకు, 1888 జూన్‌ 15న ఫ్రెడ్రిక్‌ గొంతు క్యాన్సర్‌తోనే మరణించారు. బయాప్సీలో ఏమీ లేదని వచ్చినా, అనుమానం తీరక డాక్టరు మళ్లీ ముక్క తీయాలంటే, డబ్బు గుంజటానికనుకునేవాళ్లకు ఈ కథ చెబుతుంటాను.

ట్రామ్‌ దిగుతూ..

80వ పుట్టినరోజును 1901 అక్టోబరులో ప్రపంచ దేశాల డాక్టర్లు వచ్చి పండగలా జరిపారు. అప్పటికీ ఆయన రోజూ పనికి వెళ్తూనే ఉన్నారు. 1902 జనవరి 4న బెర్లిన్‌లోని లైప్‌జిగర్‌ వీధిలో, ట్రామ్‌ పూర్తిగా ఆగకముందే దిగబోయి పడ్డారు. తొడ ఎముక పైభాగం, తుంటి దగ్గర విరిగింది.

మన ఇళ్లలో ట్రామ్‌లు లేవు. తడి బాత్రూమ్‌ ఉంది, రాత్రి దీపం వెయ్యకుండా లేవటం ఉంది, కాలికి తట్టుకునే డోర్‌మ్యాట్‌ ఉంది. పెద్దవాళ్లు పడి లేవలేకపోతే, పడిన వైపు కాలు పొట్టిగా కనిపించి, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందనే అనుకోవాలి. చంకల కింద చేతులేసి లేపి నడిపించి చూడకూడదు, కాలు లాగకూడదు, మర్దన చెయ్యకూడదు. కాళ్ల మధ్య దిండు పెట్టి, రెండు తువ్వాళ్లతో తొడల దగ్గర, పిక్కల దగ్గర బిగించీ బిగించకుండా కట్టేసి, మంచి కాలే విరిగిన కాలికి చెక్కబద్ద అయ్యేలా చెయ్యాలి. దుప్పటి కప్పి 108కు చెప్పాలి. ఆపరేషన్‌ అవసరం కావొచ్చు కాబట్టి తినటానికి ఏమీ పెట్టకూడదు. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది దీని తర్వాత జరిగేది. ఎనభై దాటాయి, ఈ వయసులో కోత ఎందుకు, నాటు కట్టు కట్టించి ఇంట్లోనే ఉంచుకుందామంటారు కొడుకులు. ప్రేమతోనే అంటారు. వయసొక్కటే ఆపరేషన్‌కు అడ్డు కాదు. వీలైతే రెండు రోజుల్లోపే చేసి, మర్నాడే నిలబెడితే చాలామంది మళ్లీ నడుస్తారు. మంచానే ఉంచితే పుండ్లు, నిమోనియా, విర్కో చెప్పిన ఆ కాలి గడ్డ, ఏదో ఒకటి వెతుక్కుంటూ వస్తుంది.

విర్కో ముందు ఆ దారి లేదు. ఎక్స్‌రే వచ్చి అప్పటికి ఆరేళ్లు. తుంటి ఎముకను లోపల బిగించే ఆపరేషన్లు మామూలుగా చేసే కాలం ఇంకా రాలేదు. నెలల తరబడి పడుకోవటమే వైద్యం. ఎముక కొంత అతుక్కుంది, ఆయన కోలుకుంటారనే అనుకున్నారు. గాలి మార్పు కోసం హార్జ్‌ కొండల దగ్గరికి తీసుకెళ్లారు. ఒంట్లో శక్తి మాత్రం రోజురోజుకీ తగ్గిపోయింది. చివరికి బెర్లిన్‌కు తిరిగి తెచ్చారు. పడిన ఎనిమిది నెలలకు, 1902 సెప్టెంబరు 5న గుండె ఆగింది. నగరం తన ఖర్చుతో అంత్యక్రియలు జరిపింది. నాలుగేళ్ల తర్వాత, 1906లో, బెర్లిన్‌ నగరం కట్టిన పెద్ద ఆసుపత్రికి విర్కో పేరు పెట్టారు. ఇప్పుడది, ఆయన కుర్ర డాక్టరుగా చేరిన షారిటేలో ఒక భాగం.